గొలుసులో వదులు

పార్కులోకి అడుగుపెట్టగానే మా బాబాయ్ చూపు వెల్డింగు మీద పడింది. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీ బాడీలు కట్టిన మనిషి. మూడు నెలలు ఉండి వెళదామని వచ్చాడు. రెండో వారానికే చేతులు ఊరుకోక మా గరాజు తలుపు కీచుమంటోందని విప్పి మళ్ళీ బిగించాడు. సాయంత్రం డిస్క్ గోల్ఫ్ ఆడదాం రమ్మంటే, "గోల్ఫంటే పెద్దోళ్ళ ఆట కదరా, నాకు ఈ ప్యాంటు సరిపోద్దా?" అన్నాడు. "లుంగీతో వచ్చినా ఎవరూ ఏమనరు బాబాయ్" అన్నాను.

తీరా వచ్చాక ఆట సంగతి అడగలేదు. గడ్డిలో నిలబెట్టిన ఇనుప బుట్ట దగ్గరికి నేరుగా నడిచి, వంగి, చువ్వ చువ్వనీ బొటనవేలితో తడమడం మొదలుపెట్టాడు. నేను నాలుగేళ్ళుగా దాని మీదికి పళ్ళాలు విసురుతున్నాను. ఒక్కసారీ వంగి చూడలేదు.

ఆట తెలియని వాళ్ళకు రెండు మాటలు. గోల్ఫ్‌లో బంతీ కర్రా ఉన్నట్టు ఇందులో చేతిలో ఇమిడే ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుంది, దాన్నే డిస్కు అంటారు. నేలలో గుంటకు బదులు నడుము ఎత్తున ఒక ఇనుప బుట్ట, దాని పైన వేలాడే గొలుసులు. విసరడం మొదలుపెట్టే చోటును టీ అంటారు, అక్కడి నుంచి బుట్ట దాకా ఒక హోల్. టీ దగ్గర నుంచి విసరాలి, పడిన చోటికి నడిచి అక్కడి నుంచి మళ్ళీ విసరాలి, చివరికి బుట్టలో వెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. గొలుసులు గానీ బుట్ట గానీ పట్టుకుంటేనే లెక్క, వెళ్ళి బుట్ట నెత్తిన కూర్చుంటే లెక్కలోకి రాదు. పది మీటర్ల లోపు నుంచి వేసేటప్పుడు తూలి ముందుకు అడుగు వేయకూడదు. కాపలా మనిషి లేడు, టికెట్టు లేదు. డిస్కు ఒక్కటీ తెచ్చుకుంటే సరి.

మా పార్కు ఉన్న హారిసన్ ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ఉత్తరాన గంగాలిన్ ప్రాంతంలో ఒక పేట. ట్రాములో నలర్‌బార్ ఎవెన్యూ దగ్గర దిగితే సాయంత్రం పూట తెలుగు వినపడకుండా ఇల్లు చేరడం కష్టం. పేటకు పీటర్ హారిసన్ పేరు పెట్టారు. 1918లో పుట్టి 1990లో పోయిన పట్టణ ప్రణాళికకారుడు, రాజధాని నిర్మాణ సంస్థకు తొలి ప్రధాన ప్లానరు. వాల్టర్ బర్లీ గ్రిఫిన్ వేసిన నగర పటాన్ని జీవితాంతం చదివి, దాన్ని పాడుచేయొద్దని పోట్లాడిన మనిషి. 1912లో పోటీ గెలిచి ఈ నగరాన్ని కాగితం మీద గీసిన ఆ గ్రిఫిన్ చివరికి మన లక్నోలో 1937లో కన్నుమూశాడు, సమాధీ అక్కడే. ఇదంతా డిస్క్ గోల్ఫ్‌కు ఎందుకు అంటారేమో. కాస్త ఆగండి, వస్తాను.

బుట్ట దగ్గర బాబాయ్ ఇంకా వంగే ఉన్నాడు.

"స్తంభం తూకంగా నిలబెట్టారు. జింకు పూత కూడా ముక్కలుగా వేసింది కాదు, అంతా అతికించాక కరిగిన జింకులో ముంచి తీశారు. చూడు, అతుకుల సందుల్లోకి కూడా పోయింది" అన్నాడు. ఎండకూ వానకూ మంచుకూ ఏళ్ళ తరబడి బయటే నిలబడే సామానుకు అదే ఆయుష్షు. రంగు వేస్తే గీత పడ్డ చోట తుప్పు మొదలవుతుంది. జింకు అలా కాదు, గీత పడితే పక్కనున్న జింకు తను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. ఆటోనగర్‌లో ఈ మాట పుస్తకం చదివి ఎవరూ చెప్పరు, చేతికి తెలుసు.

తర్వాత గొలుసుల దగ్గరికి వచ్చాడు. అక్కడ ఆయన మొహం మారింది. "ఇవి బిగించడం మర్చిపోయారేంట్రా?"

ఈ ఆటలో అసలు పనితనం అంతా ఆ ప్రశ్నలో ఉంది. పైన వెడల్పాటి చక్రం నుంచి గొలుసులు దిగి, కింద స్తంభం చుట్టూ ఉన్న చిన్న రింగులో కలుస్తాయి. నిటారుగా కాదు, నడుము దగ్గర కాస్త లోపలికి వంగి, మన ఇళ్ళలో ఉయ్యాల బల్లను కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే గొలుసు వదులై జారినట్టు. బయట ఒక వరుస, లోపల ఇంకో వరుస. బయటి రెండు గొలుసుల మధ్య ఖాళీ ఎక్కడ ఉందో, సరిగ్గా దాని వెనక లోపలి గొలుసు వేలాడుతుంది. తడిక అల్లేవాడు ఒక దబ్బ వదిలిన సందును వెనక దబ్బతో మూసినట్టు.

అవి బిగించి ఉంటే ఏమవుతుంది? వీణ తంతిని వేలితో మీటితే వేలిని తంతే వెనక్కి తోస్తుంది. బిగుతైన గొలుసుకు తగిలిన డిస్కు అలాగే ఎగిరి వచ్చి మన కాళ్ళ దగ్గర పడుతుంది. వదులుగా ఉంటే తగిలిన గొలుసు వెనక్కి పోతుంది, దానితో డిస్కూ పోతుంది, రెండూ కలిసి లోపలి వరుసను కొడతాయి, అది స్తంభాన్ని తాకుతుంది. ఈలోగా ఒక లింకు పక్క లింకును, అది దాని పక్కదాన్ని కొట్టుకుంటూ ఆ ఊపును పంచేసుకుంటాయి. ఝల్లుమనే ఆ చప్పుడు డిస్కు ఊపు ఖర్చయిపోయిందని ఇచ్చే రసీదు. ఊపు పోయిన డిస్కుకు ఇక కింద పడటం తప్ప పనిలేదు. కింద బుట్ట ఉంది.

క్రికెట్ ఆడిన ప్రతి కుర్రాడికీ ఈ సంగతి అరచేతికి తెలుసు. హై క్యాచ్ వస్తుంటే చేతులు గట్టిగా చాపి నిలబడ్డవాడి చేతిలోంచి బంతి జారుతుంది. బంతి వచ్చిన దారినే చేతుల్ని ఒక జానెడు వెనక్కి తీసుకున్నవాడి చేతిలో నిలుస్తుంది. గొలుసులకు ఆ జానెడు ముందే ఇచ్చిపెట్టారు.

అలాగని ఎంత వదులైతే అంత మంచిదనీ కాదు. గొలుసు మరీ తేలికైతే డిస్కు రెండింటి మధ్య నుంచి దూరి అవతలకి పోతుంది, గాలి గట్టిగా వీస్తే గొలుసులే పక్కకి ఊగి దారి ఇచ్చేస్తాయి. మరీ బరువైతే గోడే. ఈ రెండింటి నడుమ ఎక్కడో ఒక లావు, ఒక పొడవు, ఒక వంపు ఉంది. దాన్ని పట్టుకోవడానికి మనుషులకు ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదని నా అనుమానం. మధ్యలో చక్కగా తగిలి బయటికి ఉమ్మేసిన డిస్కు గురించి ప్రతి ఆటగాడి దగ్గరా ఒక ఏడుపు కథ ఉంటుంది. నా దగ్గర మూడున్నాయి, చెప్పను.

దీన్ని కనిపెట్టినాయన పేరు ఎడ్ హెడ్రిక్. అమెరికాలో వామ్-ఓ అనే ఆటబొమ్మల కంపెనీలో పనిచేసేవాడు. ఫ్రిజ్బీ పళ్ళెం పైన గుండ్రటి గాట్లు పెట్టి అది గాలిలో వణక్కుండా ఎగిరేలా చేసి, 1967లో దానికి పేటెంటు తీసుకున్నవాడు. 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానం వేయించాడు. అప్పట్లో గురి చెట్లూ స్తంభాలే. తగిలిందా లేదా అని రోజూ తగాదా. "తగిలింది", "తగల్లేదు", "రాసుకుంటూ పోయింది". మన వీధుల్లో వికెట్ బదులు గోడ మీద బొగ్గు గీతలు గీసి ఆడుకున్న వాళ్ళకు ఈ తగాదా కొత్తది కాదు. తగాదా తీరాలంటే డిస్కు ఆగి, అక్కడే ఉండి, సాక్ష్యం చెప్పాలి. కొడుకుతో కలిసి గొలుసుల బుట్ట కట్టాడు హెడ్రిక్, 1977లో దానికీ పేటెంటు వచ్చింది. ఆయన 2002లో పోయాక కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. గంగలో కలిపే మనకు వింతగా ఉంటుంది గానీ, విసిరేవాడు విసరబడాలని కోరుకోవడంలో ఒక న్యాయముంది.

ఇక డిస్కు. నా సంచీలోంచి ఒకటి తీసి బాబాయ్ చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, అంచు చుట్టూ గోరు పోనిచ్చి, "రెండు అచ్చులు కలిసిన గీత ఇక్కడుంది. కానీ మధ్యలో లేదే, కాస్త పైకుంది. పొరపాటా?" అన్నాడు.

పొరపాటు కాదు, అదే కిటుకు. అంచు మీద ఆ గీత ఒక మిల్లీమీటరు పైకి జరిగితే డిస్కు ఒక రకంగా ఎగురుతుంది, కిందికి జరిగితే ఇంకో రకంగా. గీత ఎత్తుగా ఉన్నది చివర్లో గట్టిగా ఎడమకు వాలుతుంది. కిందికున్నది మాట వినకుండా కుడికి పోతుంది. ఇదంతా కుడిచేత్తో, పేకముక్క విసిరినట్టు అడ్డంగా విసిరేవాళ్ళ మాట. ఎడమచేతి వాళ్ళు తిరగేసి చదువుకోవాలి.

ఎందుకలా అంటే బొంగరాన్ని తలచుకోవాలి. తిరగని బొంగరాన్ని పక్కకి తోస్తే ఆ పక్కకే పడుతుంది. తిరిగేదాన్ని తోస్తే అటు పడదు, తోసిన దిక్కుకు అడ్డంగా ఒరుగుతుంది. డిస్కు కూడా బొంగరమే. వేగం మీద ఉన్నప్పుడు గాలి దాని ముక్కును కిందికి నొక్కుతుంది, కానీ తిరుగుతోంది కాబట్టి ముక్కు కిందికి పోక, పళ్ళెం కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గాక గాలి ముక్కును పైకి లేపజూస్తుంది, అప్పుడు ఎడమకు ఒరుగుతుంది. అందుకే మంచి విసురు ఆకాశంలో తిరగేసిన ఎస్ అక్షరంలా వంపు తిరుగుతూ పోతుంది. చూసిన మొదటిరోజు అది గాలి పని అనుకున్నాను. అది అచ్చు చేసిన మనిషి పని.

తిరగడం ఎక్కువసేపు ఆగకుండా ఉండాలంటే బరువంతా అంచులో ఉండాలి. కుమ్మరి సారె చూశారుగా, నడుమ తేలిక, అంచు బరువు, కర్రతో నాలుగు తిప్పులు తిప్పితే కుండ అయ్యేదాకా తిరుగుతుంది. విసురువల అంచుకు సీసం గుళ్ళు కుట్టేదీ కొంత అందుకే, వల గాలిలో విచ్చుకోవాలని. డిస్కు మధ్య పలక పల్చన, అంచు దిమ్మ. 1983లో డేవ్ డునిపేస్ అనే ఆయన ఈ అంచును వాటంగా చెక్కి, మొన తేలిన డిస్కు తయారుచేశాడు. అంతవరకూ ఆట ఫ్రిజ్బీతో, ఆ తర్వాత గోల్ఫ్ డిస్కుతో. మన కర్రాబిళ్ళలో బిళ్ళకు రెండు కొసలూ చెక్కితేనే ఎగురుతుందని ఏ పిల్లవాడికి ఎవరు చెప్పారో గానీ, రెండు చోట్లా చెక్కిన తెలివి ఒక్కటే.

మొన ఎంతైనా తేల్చుకోవచ్చా అంటే వీల్లేదు. పార్కులో పిల్లలుంటారు. అందుకే ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ నియమాలు పెట్టింది. అంచు మొన గుండ్రదనానికి కనీసం 1.6 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉండాలి. అంచు మందం 2.6 సెంటీమీటర్లు దాటకూడదు. పళ్ళెం అడ్డకొలత 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు. బరువు, అడ్డకొలత ప్రతి సెంటీమీటరుకూ 8.3 గ్రాములు మించకూడదు. దూరం విసరడానికి వాడే డిస్కును డ్రైవరు అంటారు, 21.2 సెంటీమీటర్ల డ్రైవరు తీసుకుంటే లెక్క 176 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఒక పెద్ద బత్తాయి పండు బరువు. అలాంటి ఒక డిస్కును 2016లో అమెరికా నెవాడా ఎడారిలో గాలివాటున డేవిడ్ విగిన్స్ జూనియర్ 338 మీటర్లు విసిరాడు. బాబాయ్‌కి ఈ సంగతి చెబితే నమ్మలేదు. నాకూ నమ్మకం లేదు గానీ రికార్డు అది.

డ్రైవరు అంచు వెడల్పు, పుట్టరు అంచు సన్నం. దగ్గర నుంచి వేసే పుట్టరుకు వేగం అక్కర్లేదు, బుజ్జగింపు కావాలి. అందుకే చాలామంది పుట్టరును కాస్త మెత్తటి, చవక ప్లాస్టిక్‌లో కొంటారు. గొలుసుకు తగిలినప్పుడు అదీ ఒక వెంట్రుకవాసి లొంగుతుంది. రెండు వదుళ్ళు కలిస్తే పని సులువు. నా పాత పుట్టరు అంచు గీతలు పడి గరుకెక్కింది. అమ్మితే ఎవరూ కొనరు, అడిగితే నేనివ్వను.

డిస్కూ బుట్టా ఫ్యాక్టరీలో తయారవుతాయి. మూడో పనితనం మాత్రం కొరియర్‌లో రాదు, ఇక్కడే పుట్టాలి. అదే మైదానం వేయడం.

మా పార్కులోది మిశ్రమ పద్ధతి మైదానం. కొన్ని హోల్స్ బయలు గడ్డి మీద, కొన్ని చెట్ల మధ్యన. బయట చూసేవాడికి పదిమంది మనుషులు చెట్ల మధ్య బుట్టలు చెల్లాచెదురుగా పాతి పోయినట్టు ఉంటుంది. ఆడేవాడికి నాలుగోసారికి గానీ అర్థం కాదు.

బయలు హోల్‌లో కొమ్మా లేదు రెమ్మా లేదు, కాబట్టి సులువు అనుకుని మొదటిరోజు మొత్తం బలంతో విసిరాను. అక్కడ అడ్డు గాలి. కంటికి కనపడని చెట్టు. ఎదురుగాలిలో డిస్కుకు తను ఉన్నదానికన్నా ఎక్కువ వేగంలో ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకని కుడికి తిరగబడుతుంది. వెనక గాలిలో త్వరగా అలసి ఎడమకు కూలబడుతుంది. పైగా మేముండేది సముద్ర మట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున. గాలి కోస్తా కంటే ఆరు శాతం దాకా పలచన. మన బందరు తీరాన నేర్చుకున్నవాడు ఇక్కడికి వస్తే డిస్కు ముందే ఎడమకు వాలిపోతోందేమిటని తల గోక్కుంటాడు. బందరులో నేర్చుకున్నవాడు ఇంకా లేడనుకోండి.

చెట్ల మధ్య హోల్‌లో గాలి ఉండదు, దూరమూ ఉండదు. అక్కడ బలం పనికిరాదు. యూకలిప్టస్ కొమ్మల కింద నుంచి, రెండు మానుల నడుమ సందులోంచి, సరిగ్గా ఒక వాలులో వదలాలి. బయటి హోల్‌లో చెయ్యి నేర్చుకున్న దూకుడును చెట్ల హోల్ చెరిపేస్తుంది, చెట్లలో నేర్చుకున్న భయాన్ని మళ్ళీ బయలు చెరిపేస్తుంది. రెండూ కలిపి వేయడంలో గొప్పతనం అదే, చెయ్యి ఎక్కడా అలవాటులో పడదు. ఒట్టి అడవి మైదానాల్లో ఆడితే నాకు విసుగు, ఒట్టి బయళ్ళలో ఆడితే నిద్ర. ఈ మధ్య పోటీల కోసం ప్రతిదీ పొడుగు చేస్తున్నారు. నాకైతే పోపు ఎక్కువైన కూరలా ఉంటుంది.

ఇంత ఏర్పాటుకీ తవ్విన మట్టి దాదాపు లేదు. మామూలు గోల్ఫ్ మైదానం పద్దెనిమిది హోల్స్‌కు యాభై హెక్టార్ల పైమాటే, గడ్డి కత్తిరింపూ నీళ్ళూ వేరే. ఇక్కడ ఉన్న చెట్టు ఉన్నట్టే ఉంది. వేసినవాడు చేసిందల్లా చాలాసార్లు నడవడం. ఏ చెట్టును కుడిపక్క పెట్టుకోవాలి, ఏ వాలు మీద బుట్ట పాతితే తప్పిన డిస్కు దొర్లిపోతుంది, సాయంత్రం ఎండ కళ్ళలో కొట్టకుండా టీ ఎటు తిప్పాలి, కుడిచేతి వాళ్ళకు ఒక వంపు ఇచ్చాక ఎడమచేతి వాళ్ళకు ఇంకో వంపు బాకీ. అన్నిటికన్నా ముందు, నడక దారీ పిల్లల ఉయ్యాలలూ ఎటున్నాయి. గ్రిఫిన్ కాగితం మీద మొదట చూసింది కొండల్ని. ఎయిన్స్లీ కొండ నుంచి బింబెరి శిఖరం దాకా ఒక గీత ఊహించి, దాని చుట్టూ నగరాన్ని పరిచాడు. పార్కులో బుట్ట పాతిన మనిషి ఆ పనే చెట్లతో చేశాడు. ప్లానరు పేరున్న పేటలో ఆడుతున్నానని అందుకే నాకు గుర్తుంటుంది.

స్తంభాన్ని నేలలో ఎలా దించారో చూడాలని బాబాయ్ గడ్డి పక్కకు తోశాడు. చాలాచోట్ల ముందు ఒక గొట్టాన్ని కాంక్రీటు పోసి పాతుతారు, స్తంభాన్ని దానిలోకి దించి తాళం వేస్తారు. ఇంకోచోట ఇంకో గొట్టం పాతి ఉంచితే, గడ్డి అరిగినప్పుడు బుట్టను అటు మార్చుకోవచ్చు. ఈ ఉపాయం విని బాబాయ్ తల ఊపాడు. "పందిరి గుంజకి మేమూ అట్టాగే చేసేవాళ్ళం."

అప్పుడే చెట్టు మీద నుంచి ఒక మ్యాగ్‌పై పక్షి తల మీదుగా దూసుకెళ్ళింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో గూడు పెట్టిన మగపక్షులకు ఆటగాళ్ళంటే పడదు. ఈ మైదానంలో నియమాల పుస్తకంలో రాయని అడ్డు అదొక్కటే. బాబాయ్ లేచి టోపీ సర్దుకుని, "ఒకటి ఇటివ్వు" అన్నాడు.

అయిదు మీటర్ల దూరం. పుట్టరు ఇచ్చాను. డిస్కును చెక్కపలక పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, నా మాట వినకుండా ఎదురుగా తోసేశాడు. అది తిరగనే లేదు, ఊగుతూ వెళ్ళి పై చక్రానికి తగిలి గడ్డిలో పడింది. రెండోది తిరిగింది, కానీ స్తంభాన్ని దాటి పోయింది. మూడోది గొలుసులకు అంచున తగిలి ఝల్లుమని, బయట పడింది. పడ్డ డిస్కును ఆయన చూడలేదు. ఊగుతున్న గొలుసును రెండు వేళ్ళతో ఆపి, వదిలి, మళ్ళీ ఊగనిచ్చి చూశాడు. చాలాసేపు.

ఆ రాత్రి అన్నాలయ్యాక విజయవాడకు వీడియో కాల్. అవతల బాబాయ్‌తోపాటు ఇరవయ్యేళ్ళు షెడ్డులో పనిచేసిన మనిషి. నేను తీసిన ఫోటోలు బాబాయ్ అతనికి ముందే పంపించేశాడు. "బావా, చువ్వ ఎనిమిది ఎంఎం చాలుద్దంటావా, పది వెయ్యాలా?" అంటున్నాడు అవతలాయన. "అడుగు రింగుకి పది, పక్కలకి ఎనిమిది. గొలుసే తేలట్లేదు, లింకు ఎంతుందో కొలవలేదు" అని, బాబాయ్ నా వైపు తిరిగాడు. "ఒరే, మీ ఇంట్లో వెర్నియర్ కాలిపర్ ఉందా?"

లేదు. మర్నాడు పొద్దున్నే, ట్రాము దిగి నడుచుకుంటూ పోయేవాళ్ళు చూస్తుండగా, మంచుకు తడిసిన గడ్డిలో మోకాళ్ళ మీద కూచుని, పిల్లల స్కూలు స్కేలు పెట్టి ఒక్కో లింకూ కొలుస్తూ నేను, వెనక నిలబడి "నిలువు కాదురా, అడ్డం, అడ్డం" అంటూ ఆయన.